మందుల సంచులు విప్పి చూసిన ఫార్మసిస్టులకు మా కాలనీ కృతజ్ఞతలు

మా కాలనీ సీనియర్ సిటిజన్ల సంఘం పిలవగానే ఆదివారం సెలవు వదులుకుని వచ్చి, ఇంటింటి మందుల సంచినీ ఓపిగ్గా విప్పి చూసిన ఫార్మసిస్టులకు, వారి వెంట వచ్చిన ఫార్మ్-డి (ఫార్మసీలో డాక్టర్ డిగ్రీ కోర్సు) విద్యార్థులకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పేర్లు వేయవద్దని వారే కోరారు కాబట్టి వేయడం లేదు. చేసిన పని మాత్రం వివరంగా రాస్తున్నాం. మా కార్యవర్గంలో రిటైరైన స్టాఫ్ నర్సులు ఉన్నారు కాబట్టి ఆ పని విలువేమిటో మాకు బాగా తెలుసు. ఆ రోజు రాలేకపోయినవారికి, అమ్మానాన్నల మందుల గురించి దూరం నుంచి ఫోన్లో కనుక్కునే పిల్లలకు ఇది చేరాలి.

వారు ముందే ఒక మాట చెప్పి పంపారు: చీటీ ఒక్కటే తేవద్దు, ఇంట్లో ఉన్న మందులన్నీ తెండి. బీపీ, షుగరు మాత్రలతో పాటు సగం వాడిన స్ట్రిప్పులు, కంటి చుక్కలు, నొప్పుల జెల్, చూర్ణాలు, లేహ్యాలు, కాల్షియం డబ్బా, పక్కింటివాళ్ళు మంచిదని ఇచ్చిన మాత్ర, అన్నీ. వచ్చాక ఎవరినీ "సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. "ఎలా వేసుకుంటున్నారో చూపించండి" అన్నారు. ఆ ఒక్క మాటతోనే ఎన్నో బయటపడ్డాయి.

ముందుగా చూసింది స్ట్రిప్పు వెనక ఉండే మందు అసలు పేరు. బ్రాండ్ పేర్లు వేరుగా ఉండి లోపలి మందు ఒకటే అయితే, రెండూ వేసుకునే ప్రమాదం ఉంది. డాక్టరు మారినప్పుడు, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి వచ్చినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. పాత స్ట్రిప్పు మిగిలి ఉంటుంది, కొత్తది వస్తుంది. షుగరుకు వాడే గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు బ్రాండ్లలో పడితే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, మతి తప్పడం మొదలవుతాయి. కిడ్నీలు మందగించిన పెద్దవారిలో అది గంటల తరబడి మళ్ళీ మళ్ళీ పడుతుంది. ఒకసారి చక్కెర నీళ్ళు తాగించి ఊరుకుంటే సరిపోదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పారాసిటమాల్ లెక్క కూడా అలాంటిదే. జ్వరానికి 650 మి.గ్రా. మాత్ర వేసుకుంటారు. మోకాళ్ళకు వాడే ఎసిక్లోఫెనాక్ మాత్రలో 325 మి.గ్రా. పారాసిటమాల్ కలిసి ఉండవచ్చు. జలుబు మాత్రలో ఇంకొంత. పెద్దవారికి 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు మించకూడదు. అంటే 650 మాత్రలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములైపోతుంది. బక్కపలచని వృద్ధులకు, మద్యం అలవాటు ఉన్నవారికి, లివరు జబ్బు ఉన్నవారికి ఆ హద్దు ఇంకా తక్కువ, అది డాక్టరే చెప్పాలి. ఇక ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రను టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రతో, దాంతో పాటు మూత్రం ఎక్కువ పోయే మాత్రతో కలిపి రోజూ వాడితే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి ఒత్తిడి పడుతుంది. వాంతులు, విరేచనాలు పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మూడింటి కలయిక మరీ ప్రమాదం. నొప్పి మాత్రను చీటీ లేకుండా కొనుక్కుంటాం కనుక, బీపీ డాక్టరుకు దాని సంగతి తెలియనే తెలియదు.

ఇన్ని చూసినా వారు ఒక్క మందు కూడా తమంతట తాము ఆపించలేదు. ఇది మేం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక్కొక్కరికి ఒక కాగితం రాసి ఇచ్చారు: మందు పేరు, ఎన్ని మి.గ్రా., ఏ పూట, దేనికోసం, ఎప్పటి నుంచి. అనుమానం ఉన్న చోట చుట్టూ గీత గీసి, డాక్టరుగారిని ఏమని అడగాలో పక్కన రాశారు. తొందరగా తేల్చాల్సినవాటికి తామే డాక్టర్లకు ఫోన్ చేశారు. చీటీ రాసేవారు, మందు ఇచ్చేవారు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే రోగికి ఎంత మేలో అక్కడ చూశాం.

ఇన్సులిన్ బల్ల దగ్గర ఎక్కువ సమయం పట్టింది, పట్టాల్సిందే. మన మందుల షాపుల్లో దొరికే సీసాల్లో మి.లీ.కు 40 యూనిట్లవే ఎక్కువ. వాటికి ఎర్ర మూత ఉన్న యూ-40 సిరంజి. మి.లీ.కు 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ మూత ఉన్న యూ-100 సిరంజి. ఇవి తారుమారైతే ఏమవుతుందో బల్ల మీదే నీళ్ళతో లాగి చూపించారు. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను యూ-40 సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు. అదే 40 యూనిట్ల ఇన్సులిన్‌ను యూ-100 సిరంజిలో 20 దాకా లాగితే వెళ్ళేది 8 యూనిట్లే. మొదటిది ప్రాణం మీదికి తెస్తుంది, రెండోది షుగరును అదుపు తప్పిస్తుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోవాలి. పెన్ను కార్ట్రిడ్జిలోంచి సిరంజితో లాగడం అసలే వద్దు.

పాలలా తెల్లగా ఉండే మిక్స్ ఇన్సులిన్‌ను వాడే ముందు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా కుదపకూడదు. అడుగున తెల్లని పొర మిగిలితే ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ మందు పడుతుంది. పెన్ను వాడేవారు ముందు 2 యూనిట్లు గాలిలోకి వదిలి సూది కొసన చుక్క కనిపించాకే డోసు తిప్పాలి. పొడిచాక నొక్కిన బొటనవేలు అలాగే ఉంచి పది అంకెలు లెక్కపెట్టాలి. ఒకే చోట పొడుస్తూ పోతే అక్కడ చర్మం కింది కొవ్వు గట్టిపడి గడ్డలా అవుతుంది. అందులో పొడిస్తే నొప్పి తెలియదు కాబట్టి చాలామంది అక్కడే పొడుస్తారు. మందు మాత్రం సరిగా ఒంటపట్టదు. అయితే గడ్డ వదిలి మంచి చర్మంలోకి మారిన రోజు నుంచి అదే డోసు గట్టిగా పనిచేసి షుగరు పడిపోవచ్చు. అందుకే చోటు మార్చే ముందు డాక్టరుకు చెప్పి, కొన్నాళ్ళు షుగరు ఎక్కువసార్లు చూసుకోమన్నారు. ఇంత లోతైన జాగ్రత్త ఎవరు చెబుతారు!

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో గానీ, ఫ్రిజ్ వెనక గోడకు ఆనించి గానీ పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టినది కరిగి మామూలుగా కనిపించినా పారేయాలి. తెరిచినదాన్ని గది వేడిలో ఉంచితే చాలా రకాలకు నాలుగు వారాలే ఆయుష్షు. ఆ "గది వేడి" అంటే 25 నుంచి 30 డిగ్రీల లోపు. రెంటచింతల, రామగుండం ఎండల్లో మే నెల ఇళ్ళకు ఇది వర్తించదు. ఫ్రిజ్ లేకపోతే మట్టి కుండలో తడి ఇసుక పోసి, అందులో మూత ఉన్న చిన్న పాత్ర దింపి, సీసాను నీళ్ళు తగలకుండా అందులో ఉంచి నీడలో పెట్టుకోవాలి. సీసా తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాయాలి.

ఆయాసం మందుల దగ్గర "చూపించండి" అన్న మాట విలువ మరీ తెలిసింది. రోటాక్యాప్‌ను మామూలు గొట్టం మాత్ర అనుకుని నీళ్ళతో మింగేవారు ఉంటారు. అది పరికరంలో పెట్టి పీల్చాల్సిన పొడి. పొడి పరికరంలోకి ఊదకూడదు, పక్కకు తిరిగి ఊపిరి వదిలి, పెదవులు బిగించి గట్టిగా, వేగంగా పీల్చాలి. నొక్కే స్ప్రేకి ఇందుకు విరుద్ధం: బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కి, లోపలికి తీసుకుని పది సెకన్లు బిగపట్టాలి. రెండో నొక్కుకు అర నిమిషం నుంచి నిమిషం ఆగాలి. చేయి, ఊపిరి కలవనివారికి స్పేసర్ గొట్టం తప్పదు. అది లేకుంటే మందులో ఎక్కువ భాగం గొంతులోనే అంటుకుంటుంది. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ అయితే వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

వారు గొంతు పెంచి మరీ హెచ్చరించింది మాత్రం మెథోట్రెక్సేట్ గురించే. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు ఇచ్చే ఈ మాత్ర వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని, నోరంతా పుండ్లు పడి, ప్రాణం పోయే ప్రమాదం ఉంది. దీనికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చిన్న పసుపు మాత్రగానే దొరుకుతుంది కనుక రెండూ తారుమారయ్యే వీలుంది. ఏ రోజు వేసుకోవాలో, ఉదాహరణకు "బుధవారం మాత్రమే" అని స్ట్రిప్పు మీద తెలుగులో రాసి ఇచ్చారు. నోటిపూత, జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే మరుసటి డోసు వేసుకోకుండా వెంటనే డాక్టరును కలవాలి. కోట్రైమాక్సజోల్ యాంటీబయాటిక్ దీనితో కలవకూడదు.

రక్తం పలచబడే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడేవారికి ఆకుకూరలు మానేయమని ఎవరెవరో చెబుతుంటారు. మానేయనక్కర్లేదు. పాలకూర, మునగాకు ఒక వారం అసలు తినకుండా, మరుసటి వారం రోజూ తింటేనే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూపే పరీక్ష అంకె) అటూ ఇటూ ఊగుతుంది. ఎప్పుడూ ఒకే తీరుగా తింటే చాలు. విరేచనాలకు షాపులో అడిగి తెచ్చుకునే మెట్రోనిడజోల్‌తో మాత్రం ఐఎన్ఆర్ ఒక్కసారిగా పెరిగి రక్తస్రావం కావచ్చు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కాఫీ టీలకు అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం. ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని ఉన్న మాత్రలు మందును నెమ్మదిగా వదిలేవి, వాటిని నూరకూడదు, నమలకూడదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్‌ను కూర్చునే పెట్టుకోవాలి, నిలబడి ఉంటే బీపీ పడి తూలిపోతారు. మగవారు అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు దాన్ని పెట్టుకోకూడదు, ఆసుపత్రిలో ముందుగా ఆ సంగతి చెప్పాలి. ఈ ప్రశ్న మగవారిని పక్కకు పిలిచి, నలుగురిలో ఇబ్బంది పెట్టకుండా అడిగారు. అందుకు మరోసారి కృతజ్ఞతలు.

మనవల సంరక్షణ చూసే తాతయ్యలు, అమ్మమ్మల కోసం ఒక లెక్క. పారాసిటమాల్ చుక్కల మందులో మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కు 120 లేదా 250. పిల్లల బరువుకు కిలోకు 15 మి.గ్రా. చొప్పున చూస్తే 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అంటే చుక్కల మందైతే ఒకటిన్నర మి.లీ., 120 సిరప్ అయితే 6 మి.లీ. పైచిలుకు, 250 సిరప్ అయితే 3 మి.లీ. 120 సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతలకు పైగా, 250 సిరప్ కొలతతో పోస్తే రెండింతలు పడుతుంది. వంటింటి చెంచా వద్దు, సీసాతో వచ్చిన కొలత కప్పు గానీ సూది లేని సిరంజి గానీ వాడాలి. డోసుకు డోసుకు కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగు డోసులు మించకూడదు. పొడిగా వచ్చే యాంటీబయాటిక్ సిరప్‌లో కాచి చల్లార్చిన నీళ్ళు సగం పోసి కుదిపి, నురగ తగ్గాక గీత దాకా నింపాలి. నురగను చూసి గీత అందిందనుకుంటే నీళ్ళు తక్కువై మందు చిక్కబడుతుంది.

ఇదంతా మొహమాటానికి చేసిన సాయం కాదని వారే వివరించారు. ఫార్మసీ చట్టం 1948 నుంచి ఉంది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు మందు ఎలా వాడాలో రోగికి వివరించడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు బాధ్యతల్లో చేర్చాయి. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్-1 అనే మందుల జాబితా నియమం ప్రకారం కొన్ని బలమైన యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, నిద్ర మాత్రలు అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఎంత ఇచ్చారో రాసిన రిజిస్టరు మూడేళ్ళు ఉంచాలి. చీటీ అడిగితే, పేరు అడిగితే విసుక్కోవద్దని కాలనీవాసులకు మా విన్నపం. గోడకు ఒకరి సర్టిఫికెట్ వేలాడుతూ కౌంటర్లో మరొకరు మందులు తీసి ఇచ్చే షాపులు ఉన్నాయి. అలాంటి చోట ఫార్మసిస్టు ఎప్పుడుంటారో అడిగి, వారున్నప్పుడే వెళ్ళండి. స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేటప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క మీకే వచ్చేలా అడగండి. వేరే బ్రాండ్ ఇస్తుంటే మందు పేరు, మి.గ్రా., పేరు చివర ఉండే ఎస్ఆర్ వంటి అక్షరాలు మూడూ సరిచూడమనండి.

కొత్త మందు మొదలుపెట్టాక దద్దుర్లు, వాపు, తల తిరగడం వంటివి వస్తే ఫార్మసిస్టుకు గానీ, డాక్టరుకు గానీ చెప్పండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం ఉబ్బినా నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. దాని టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. రోగులు కూడా నేరుగా ఫోన్ చేయవచ్చు.

వారు రాసి ఇచ్చిన కాగితం నకలు ఒకటి పర్సులో, ఒకటి ఫ్రిజ్ తలుపు మీద ఉంచుకోండి. మందు మారిన ప్రతిసారీ తిరగరాయించుకోండి. ఆ రోజు రాలేకపోయినవారి కోసం మళ్ళీ వస్తామని ఫార్మసిస్టులు మాట ఇచ్చారు. సంఘం ఆఫీసులో పేరు రాయించండి. వచ్చేటప్పుడు చూర్ణాలు, చుక్కల మందులు, ఖాళీ స్ట్రిప్పులు కూడా సంచిలో వేసుకు రండి.