చెక్ కెప్టెన్ల చాదస్తం మీద నవ్వులా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పైలట్లను పరీక్షించే చెక్ కెప్టెన్లు, ట్రైనింగ్ కెప్టెన్ల చాదస్తం మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన సరదా వ్యాసం చదివి చాలా రోజులైంది. ఊరుకుందామనే అనుకున్నాను. మొన్న నంద్యాలలో ఒక పెళ్లికి పోతే అక్కడ కూడా భోజనాల దగ్గర అదే వ్యాసం చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు. ఇక రాయకుండా ఉండలేకపోయాను.

టోపీ పెట్టుకోలేదని క్లాసు పీకిన కెప్టెన్, 'చెక్డ్' అనాల్సిన చోట 'ఓకే' అన్నాడని చెక్‌లిస్టు (ఎగిరే ముందు ఒక్కొక్కటీ చూసుకోవాల్సిన పట్టిక) మొదటి నుంచి మళ్లీ చదివించిన కెప్టెన్, రెండో జత కళ్లద్దాలు తీసి చూపించమన్న కెప్టెన్. అందర్నీ ఒకే గాటన కట్టి పిచ్చివాళ్ల కింద జమ చేశారు. టోపీ సంగతి నేనూ సమర్థించను. టోపీ లేకపోయినా విమానం ఎగురుతుంది. మిగతా రెండూ అట్లా నవ్వి వదిలేసేవి కావు.

నేను ఆర్టీసీలో చాలా ఏళ్లు బస్సు నడిపి, తర్వాత కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చి రిటైరైన వాణ్ణి. మా అక్క కొడుకు ఏటీఆర్ విమానంలో కో-పైలట్. అందుకే ఈ రెండు వృత్తుల్లోనూ పరీక్ష అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు.

కళ్లద్దాల మాటే తీసుకోండి. అద్దాలు లేకుండా చూపు ఆనని పైలట్ డ్యూటీలో రెండో జత దగ్గర పెట్టుకోవాలన్నది నిబంధన. ఉన్న జత జారి పగిలిపోతే, రాత్రిపూట వానలో రన్‌వే దీపాలు ఎవరు చూడాలి? వెనక డెబ్భై మంది కూర్చుని ఉంటారు. ఆ కెప్టెన్ అడిగింది తప్పా? అసలు అడక్కపోతే తప్పు.

మా మేనల్లుడి సంగతి ఒకటి చెప్పాలి. పైలట్లకు ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే విమానం నడిపినట్టు ఉండే యంత్రంలో, పరీక్ష ఉంటుంది. ఒకసారి పాసయ్యాం కదా అని కూర్చోవడానికి లేదు. సిమ్యులేటర్లు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి కాబట్టి ఆ రోజు వాడికి అర్ధరాత్రి దాటాక వంతు వచ్చింది. టేకాఫ్‌లో ఇంజన్ ఆగిపోయినట్టు పెట్టినా విమానాన్ని నిలబెట్టాడు. అంతా బాగానే చేశాడు. ఒక్కచోట మాత్రం తొందరపడ్డాడు. విమానం నేల వదిలి పైకి పోతోందని పరికరంలో చూసి పక్క పైలట్ 'పాజిటివ్ రేట్' అనాలి. అది విన్నాకే నడిపేవాడు చక్రాలు మడవమని 'గేర్ అప్' అనాలి. వీడు ఆ మాట రాకముందే 'గేర్ అప్' అనేశాడు. అంతే. పరీక్ష అయ్యాక బోర్డు ముందు కూర్చోబెట్టి, తెల్లారేదాకా ఆ ఒక్క మాట మీదే మాట్లాడాడట ఆ కెప్టెన్. ఇంజన్ ఫెయిల్యూర్ బాగా చేశావని ఒక్క ముక్క కూడా అనలేదట.

ఇంటికొచ్చి ఆ కెప్టెన్ గొంతు దింపి చూపిస్తుంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన ఎందుకంత పట్టుబట్టాడురా అని అడిగాను. "మామా, నేల వదిలిందో లేదో చూసుకోకుండా చక్రాలు మడిస్తే విమానం పొట్ట మీద పడుతుంది. రోజూ పైకే పోతుంది కాబట్టి నోరు అలవాటుగా గేర్ అప్ అనేస్తుంది. పైకి పోని రోజు కూడా అట్లే అంటుంది" అన్నాడు. ఇంత బాగా అర్థమైనవాడు మళ్లీ ఆ తప్పు చేస్తాడా? ఆ తెల్లవారుజాము క్లాసు వల్ల వచ్చిన జ్ఞానమే అది.

చెక్‌లిస్టు పైకి చదవడం మీద కూడా మీ వ్యాసంలో చాలా ఎగతాళి ఉంది. 2005 ఆగస్టు 14న హీలియోస్ సంస్థ బోయింగ్ 737 ఏథెన్స్ దగ్గర కొండల్లో కూలి 121 మంది చనిపోయారు. మెకానిక్కులు పరీక్ష కోసం క్యాబిన్ గాలి పీడనం స్విచ్చిని 'మాన్యువల్'లో పెట్టి అట్లే వదిలేశారు. పైలట్లు చెక్‌లిస్టు చదివారు, కానీ ఆ స్విచ్చి 'ఆటో'లో లేదని గమనించలేదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి దాదాపు అందరికీ స్పృహ తప్పింది. 'నోటితో చదవడం కాదు, వేలు పెట్టి చూపించు' అనే కెప్టెన్ అడిగేది ఇట్లాంటి స్విచ్చి గురించే.

మాటల పట్టింపు కూడా ఊరికే పుట్టింది కాదు. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫేలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయారు. ఒక విమానం ఇంకా రన్‌వే మీద ఉండగానే రెండోది పొగమంచులో పరుగు మొదలుపెట్టింది. టవర్‌కూ పైలట్లకూ మధ్య నడిచిన అస్పష్టమైన మాటలు అందుకు ఒక కారణం. అప్పటినుంచి 'టేకాఫ్' అనే మాటను టేకాఫ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో మాత్రమే వాడాలని, మిగతా చోట్ల 'డిపార్చర్' అనాలని కట్టడి చేశారు. ఇది తెలిసినవాడెవడూ 'చెక్డ్', 'ఓకే' గొడవను చూసి నవ్వడు.

అదే ప్రమాదంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. తొందరపడి పరుగు మొదలుపెట్టిన డచ్చి కెప్టెన్ మామూలు పైలట్ కాదు, ఆ కంపెనీలో జంబో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్దాయన. పక్కనున్న కో-పైలట్‌కు ఆ విమానం నడపడానికి అర్హత పరీక్ష పెట్టింది కూడా కొద్ది నెలల ముందు ఆయనే. వెనక కూర్చున్న ఇంజనీరు 'ఆ విమానం ఇంకా రన్‌వే దిగలేదా' అని అడిగాడు, కెప్టెన్ దిగిందని గట్టిగా అనేసరికి ఇక మాట్లాడలేదు. కాబట్టి పరీక్షించేవాడు భయపెట్టేవాడైతే పరీక్షే అపాయం అవుతుంది. మా వాడికీ అట్లాంటివాడొకరు తగిలాడు. ప్రశ్న అడిగితే నన్నే అడుగుతావా అని పుస్తకం మూసేసే రకం. మీ వ్యాసం ఇట్లాంటి వాళ్లను ఏకి ఉంటే నేనే మొదట మెచ్చుకునేవాణ్ణి. పని కోసం పట్టుబట్టేవాడినీ, తన దర్పం కోసం పట్టుబట్టేవాడినీ కలిపేయడమే నా బాధ.

పైలట్ల సంగతి మీకెందుకు అంటారేమో. ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది, మన కర్నూలు జిల్లావాళ్లూ విమానం ఎక్కుతున్నారు. కానీ మనలో ఎక్కువమంది బెంగళూరు, హైదరాబాదు పోయేది 44వ నంబరు జాతీయ రహదారి మీద, రాత్రి బస్సుల్లోనే. అక్కడ చాదస్తం చేసేవాడు ఒక్కడైనా ఉన్నాడా? 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర ఏం జరిగిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బైకు బస్సు కింద ఇరుక్కుని మంటలు లేచి 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. నాలుగు రోజులు తనిఖీలని హడావుడి చేశారు. తర్వాత?

తర్వాత నేనే ఒక ప్రైవేటు బస్సులో బెంగళూరు పోయాను. ఎమర్జెన్సీ డోర్‌కు అడ్డంగా మూడు పెద్ద అట్టపెట్టెలు, వాటి మీద దుప్పట్ల మూట. గాజు పగలగొట్టే సుత్తి ఉండాల్సిన చోట ఖాళీ కొక్కెం. క్లీనర్‌ను అడిగితే "ఏం గాదు సార్, రోజూ ఇట్లే పోతాంటాం" అన్నాడు. మా వాడు చెప్పిన 'రోజూ పైకే పోతుంది' అనే రోగం ఇదే.

లైసెన్సు పరీక్షలైతే ఇంకా ఘోరం. మన సీమ జిల్లాల్లోనే ఒకచోట పక్కింటి పిల్లవాడికి తోడుగా పోయాను. రివర్సులో వాడు గీత మీదికి ఎక్కాడు, కడ్డీకి తగిలించాడు. చూడాల్సిన అధికారి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. పాస్. ఇదేంటి సార్ అంటే, మీకేం నష్టం అన్నాడు. నేను శిక్షణ ఇచ్చే రోజుల్లో అద్దం చూడకుండా ఇండికేటర్ వేసిన కుర్రాణ్ణి దింపి మళ్లీ మొదటినుంచి నడిపించేవాణ్ణి. వాళ్లూ నన్ను చాదస్తుడనే అనేవాళ్లు. ఇప్పుడు కనబడితే బస్సు ఆపి నమస్కారం పెడతారు.

రోడ్ల కొలతలు, కాలువ పనుల నాణ్యత, స్కూలు బస్సుల ఫిట్‌నెస్, ఎక్కడ చూసినా సంతకమే తప్ప చూపు లేదు. పేపర్లు కూడా గట్టిగా పట్టుకునేవాడినే నవ్వులపాలు చేస్తే, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇన్‌స్పెక్టర్ ఏం నేర్చుకుంటాడు?

రవాణా శాఖవారిని నేను అడిగేది ఒక్కటే. ఆ రహదారి మీది అమకతాడు టోల్‌ప్లాజా దగ్గర ఎట్లాగూ బస్సులు ఆగుతాయి. రాత్రిపూట అక్కడ ఒక అధికారిని పెట్టి, ప్రతి బస్సులో ఎమర్జెన్సీ డోర్ తెరిపించి, సుత్తులు, మంటలార్పే సిలిండరు చేత్తో పట్టుకుని చూడమనండి. తెరుచుకోని బస్సును అక్కడే ఆపేయాలి, ఎవరు ఫోన్ చేసినా వదలకూడదు. మీ పత్రిక కూడా ఒక రాత్రి విలేకరిని అక్కడికి పంపి, ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఆర్టీసీ రిటైర్డ్ డ్రైవింగ్ శిక్షకుడు,
కల్లూరు, కర్నూలు