దుర్యోధనుడి బనీను మీద తుప్పు చుక్కలు

స్టీలు రింగులతో మేము అల్లే గొలుసు చొక్కాలు తొడుక్కునే వాళ్ళందరికీ నమస్కారం. ఈ సంగతి ఇంకెవరి నోటైనా మీ చెవిన పడే ముందు నేనే చెప్పేస్తున్నాను. మొన్న వేసవిలో మా ఇంటి నుంచి వెళ్ళిన స్టీలు చొక్కాల్లో ఎనిమిది తుప్పు పడుతున్నాయి. తొడుక్కున్న వాళ్ళ తప్పేం లేదు. తీగ మంచిది కాదు. ఆ తీగ ఏరి కొన్నది నేను.

మొదట ఫోను చేసింది శ్రీకాకుళం అన్నయ్యగారు. పద్యనాటకాల్లో దుర్యోధనుడు వేస్తారు. వెల్వెట్టు మీద చెమ్కీలు కుట్టిన కవచాలతో విసుగెత్తి, నిజమైన లోహం తొడుక్కుని రంగం మీద నిలబడాలని మా దగ్గరికొచ్చిన మనిషి. కళింగపట్నం వైపు ఏదో ఊళ్ళో రాత్రంతా నాటకం ఆడి, తెల్లారి చొక్కా విప్పితే లోపలి బనీను మీద చంకల కింద, నడుం దగ్గర ఎర్రటి చుక్కలు, వరసలు వరసలుగా. "సెల్లెమ్మా, నీ సొక్కా నా బనీను మీద ముగ్గెట్టీసినాది" అన్నారు నవ్వుతూనే. నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. "చెమటతో తడిసింది తడిసినట్టే సంచిలో కుక్కేసి ఉంటారు, స్టీలుకి తుప్పేమిటండీ" అన్నాను. "అలాగే సేసినానేమోలేమ్మా" అని పెట్టేశారు. ఆయనకి ఇప్పటికి రెండుసార్లు క్షమాపణ చెప్పాను. అందరి ముందూ చెప్పడం ఇదే మొదలు.

వారం తిరక్కుండా బొబ్బిలి నుంచి ఒకమ్మాయి ఫొటో పంపింది. అక్క పెళ్ళిలో లేతగులాబీ ఓణీ మీదికి వేసుకున్న జాకెట్టు. ఓణీ సంగతి అడక్కండి. తర్వాత భీమిలి కుర్రాడు, బుల్లెట్టు మీద తిరిగేవాడు. అప్పుడు గాని నా తలకెక్కలేదు. ముగ్గురి చొక్కాలూ ఒకే తీగ చుట్టలోంచి వచ్చాయి.

కొత్తగా చదువుతున్న వాళ్ళకి రెండు ముక్కలు. మేము వాడే స్టీలు తీగ 18 గేజి, అంటే ఇంచుమించు 1.2 మిల్లీమీటర్ల మందం. దాన్ని ఆరు మిల్లీమీటర్ల కడ్డీకి స్ప్రింగులా చుట్టి, రంపపు బిళ్ళతో కోసి, రింగులు చేస్తాం. ఒక్కో రింగులోకి నాలుగు రింగులు వెళ్ళేలా రెండు పటకార్లతో అల్లుతాం. చేతుల్లేని చొక్కాకి సుమారు 14 వేల రింగులు, మూడు కిలోల బరువు. చేయి తిరిగిన మనిషి రోజుకి పన్నెండు వందలు అల్లితే గొప్ప. పాతకాలం కవచాల్లో రింగు కొసల్ని చదును చేసి మేకు దిగ్గొట్టేవారు. మావి కొస కొస ఆనించి మూసినవి, అంతే. ఇవి కత్తికి ఆగుతాయా అని అడిగే వాళ్ళకి మళ్ళీ చెబుతున్నాను, ఇవి బట్టలు.

ఇప్పుడు తీగ. స్టెయిన్‌లెస్ స్టీలంతా ఒకటి కాదు. 304 అనే రకంలో క్రోమియం 18 శాతం, నికెలు 8 శాతం దాకా ఉంటాయి. 202 అనే రకంలో నికెలు దాదాపు సగానికి కోసేసి, ఆ లోటు మాంగనీసుతో పూడుస్తారు. కంటికి తేడా తెలీదు. చేతిలో బరువూ అంతే, మెరుపూ అంతే. ఎండు ప్రాంతంలో, ఇంట్లో గిన్నెలకి అది చెల్లిపోతుంది. మన సముద్రపు గాలికి, అందులోనూ ఉప్పు చెమట రోజూ తాగే బట్టకి, నిలవదు.

నేను కొన్నది 304. నాకు ఇచ్చింది 202.

పదకొండేళ్ళుగా తీగ విశాఖలో ఒకే దుకాణంలో కొంటున్నాను. దుకాణం పెద్దాయన ఉన్నన్నాళ్ళూ చుట్ట విప్పి చూసుకోమనేవారు, టీ తెప్పించేవారు. ఇప్పుడు గల్లా మీద కొడుకు. మొన్న మార్చిలో 25 కిలోల చుట్ట కొనడానికి వెళితే జేబులోంచి అయస్కాంతం తీసి తీగకి ఆనించి, "చూశారా మేడమ్, అంటుకోదు, అసలు సిసలు 304" అన్నాడు. నేను తలూపాను. అక్కడే నా పరువు పోయింది. 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు. పైగా అసలైన 304 తీగే, సన్నగా లాగిన కొద్దీ, కాస్తో కూస్తో అంటుకుంటుంది! మా నాన్న కంసాలి. కమ్మచ్చు చిల్లులోంచి తీగ లాగుతుంటే రెండో కొస పట్టుకుని పెరిగిన దాన్ని నేను. గీటురాయి మీద గీసి బంగారం ఎన్ని వన్నెలదో చెప్పే ఇంట్లో పుట్టి, గల్లా మీద కుర్రాడి అయస్కాంతానికి తలూపొచ్చాను. డబ్బు పోయినందుకు ఒక్క రాత్రి కూడా నిద్ర చెడలేదు. దీనికి చెడింది.

తర్వాత చుక్కల మందు తెప్పించాను. చిన్న సీసా, దానికో బ్యాటరీ. తీగ మీద చుక్క వేసి బ్యాటరీ తీగలు ఆనిస్తే, మాంగనీసు ఎక్కువున్న చోట ఎర్రగా తిరుగుతుంది. వంటింటి గట్టు మీద పెట్టి వేశాను. పాత చుట్ట తాలూకు రింగు మీద చుక్క అలాగే ఉంది. కొత్తదాని మీద కుంకుమ నీళ్ళయింది. అమ్మ చూసి, "ఇదేటే, దిష్టి నీళ్ళలాగ" అంది.

సీసా పట్టుకుని విశాఖ వెళ్ళాను. గల్లా కుర్రాడు నా ముందే బిల్లు తీసి చూపించాడు. "ఎస్.ఎస్. వైరు అని ఉంది మేడమ్, 304 అని ఎక్కడ రాశాం?" నిజమే, రాయలేదు. పదకొండేళ్ళ బిల్లులు ఇంటికొచ్చి తిరగేశాను. పెద్దాయన ఏనాడూ రాయలేదు, నేను ఏనాడూ అడగలేదు. ఆయన నోటిమాటే రాత. కుర్రాడు చివరికి, ఈసారి కొనే సరుకులో సగం తగ్గిస్తానన్నాడు. అంటే మళ్ళీ అతని దగ్గరే కొనాలన్నమాట! "ఐనా బట్టలే కదా మేడమ్, బ్రిడ్జి కడుతున్నారా" అని కూడా అన్నాడు. లేచి వచ్చేశాను. మా ఆయన ఇప్పటికీ అంటారు, ఆ సగమైనా పట్టుకొచ్చి ఉండాల్సిందని. లెక్క ప్రకారం ఆయన మాటే సరైనది. నేను వెళ్ళను.

ఇక ఎనిమిది చొక్కాల సంగతి. పద్దెనిమిది రోజులు దీని మీదే కొట్టుకున్నాను. మొదట నిమ్మఉప్పు నీళ్ళలో ఒక చొక్కా రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నకి తళతళ. ప్రాణం లేచొచ్చింది. అందరికీ తలో పొట్లం నిమ్మఉప్పు పంపి, నెలకోసారి నానబెట్టుకోమంటే సరిపోతుందనుకున్నాను. నమ్మకం చాలక, అదే చొక్కాని ఉప్పునీళ్ళు చిలకరించి పెరట్లో దండేనికి తగిలించాను. ఐదో రోజుకి చుక్కలు మళ్ళీ మొలిచాయి, ఈసారి రింగుల కొసలు కలిసే చోట. కొసల సందులో నీరు నిలుస్తుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. మూడు నెలలకి అది ఎవరి ఓణీ మీదో తేలుతుంది.

తర్వాత ఒకాయన పూత వేయించమన్నారు. కిందన నికెలు, పైన క్రోమియం, చొక్కాకి కొన్ని వందలు, అద్దంలా తయారవుతుంది, ఎవరికీ తెలీదు. ఒప్పుకున్నంత పని చేశాను, అబద్ధం ఎందుకు. దసరా ఆర్డర్లు ముందున్నాయి, అల్లే ఇద్దరు అక్కలకి కూలి ఇవ్వాలి. కానీ గొలుసు చొక్కా కూర్చునే వస్తువు కాదు. అడుగు వేస్తే 14 వేల రింగులూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. పూత మొదట లేచిపోయేది ఆ ఒరుసుకునే చోటే. కింద నికెలు బయటపడితే కొందరి ఒంటికి దురద, దద్దురు. తుప్పుకి మందు వేసి ఒంటికి రోగం తగిలించినట్టు. ఇంతకీ నన్ను ఆపింది ఈ లెక్క కూడా కాదేమో. "ఎవరికీ తెలీదు" అన్న మాట ఆపింది. గల్లా కుర్రాడూ లోపల అదే అనుకుని ఉంటాడు కదా.

కాబట్టి ఎనిమిదీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆరు ఇప్పటికే ఇంటికొచ్చాయి. మిగతా ఇద్దరూ ఆర్టీసీ కార్గోలో విజయనగరం పంపించండి, ఖర్చు నేను కడతాను. పాతది విప్పి అల్లడం కాదు, కొత్త తీగతో మొదటి రింగు నుంచీ కొత్త చొక్కా. డబ్బు కావాలన్న వాళ్ళకి డబ్బు. బొబ్బిలి అమ్మాయికి ఓణీ కూడా. వద్దంటోంది గాని, ఇచ్చి తీరతాను.

కొత్త తీగ వేరే చోట తీసుకున్నాను. మిల్లు వాళ్ళ పరీక్ష కాగితం ఉన్న 304, బిల్లు మీద 304 అని అక్షరాలా రాయించి. 50 కిలోలకి తక్కువైతే అమ్మేది లేదన్నారు. తీసుకున్నాను. ప్రతి చుట్టా మా వంటింటి గట్టు మీద చుక్క మందు దాటే లోపలికొస్తుంది. చొక్కాతో పాటు అదే చుట్టలోని పది రింగులు పొట్లం కట్టి ఇస్తాను, నా మాట నమ్మనక్కర్లేకుండా మీరే ఎక్కడైనా పరీక్ష చేయించుకోవచ్చు. అలాగని 304ని కూడా దేవుడి వరం చేయకండి. భీమిలి, కళింగపట్నం వాళ్ళు తొడుక్కున్న ప్రతిసారీ మంచినీళ్ళలో ముంచి, తుడిచి, గాలికి ఆరబెట్టాలి. 316 రకంలో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి అది ఇంకా గట్టి. కావాలంటే చేస్తాను, ధర వినే ముందు కూర్చోండి.

అల్యూమినియంకి మారిపోవచ్చు కదా అని అడుగుతున్నారు. బరువు మూడో వంతే, నిజం. తెల్లబట్ట మీద నల్లటి మసి వదులుతుంది, అదీ నిజం. ముదురు రంగుల మీదికి అడిగితే చేస్తున్నాం. మిషను రింగులు కిలోల లెక్కన దొరుకుతాయి, ఎందుకీ చాకిరీ అన్న వాళ్ళకి ఇదీ జవాబు. కొసలు కత్తెరేసి నొక్కిన రింగు పట్టుచీర పోగు లాగేస్తుంది, మెడ దగ్గర వెంట్రుక పీకుతుంది. మా రంపపు కోత మేము మానం.

పోనీ వచ్చిన ఆ ఆరు చొక్కాలూ ఏంచేస్తానని అమ్మ అడిగింది. తుక్కుకి వేస్తే ఆ తీగ చుట్టూ తిరిగి మళ్ళీ ఎవరి గల్లా మీదికో వస్తుందని నా పిచ్చి భయం. ఈలోగా తనే ఒకదాన్లోంచి జానెడు ముక్క కత్తిరించి ఇనప దోసెల పెనం తోమింది. మాడు మొత్తం లేచొచ్చింది, పెనం మీద పాతుకున్న నూనె పొర చెక్కు చెదరలేదు. ఇప్పుడు వీధిలో ఏడుగురికి కావాలిట. రెండు వారాలు కూర్చుని అల్లిన చొక్కా పెనం పీచు అవుతుంటే నాకు కడుపు మండుతోంది. కానీ అమ్ముతున్నాం. పొట్లం మీద 202 అని రాసి, వాడాక ఆరబెట్టమని రాసి.

దసరాకి, సిరిమాను పండక్కి చొక్కా కావాలని బయానా ఇచ్చిన వాళ్ళలో నలుగురికి మాత్రమే సమయానికి ఇవ్వగలను. ఆ నలుగురికీ ఫోను చేశాను. మిగతా వాళ్ళకి కార్తీకమాసం వెళ్ళేలోగా. ఆగలేమంటే బయానా పూర్తిగా వెనక్కి. అప్పటిదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను. ధర పెరుగుతుంది, ఎంతన్నది తీగ రెండో చుట్ట దిగాక చెబుతాను. ఇప్పటికే బయానా ఇచ్చిన వాళ్ళకి పాత ధరే. పొందూరు ఖద్దరు లోచొక్కా కుట్టించుకున్న వాళ్ళకి అందులో మార్పేం లేదు.

శ్రీకాకుళం అన్నయ్యగారికి ఈ నెలాఖర్లో నాటకం ఉంది, కొత్త చొక్కా అప్పటికి కాదు. నేను మొట్టమొదట అల్లుకున్నది, పన్నెండేళ్ళ నాటిది, గూట్లోంచి తీసి పంపాను. మచ్చ లేదు. ఎడమ భుజం మీద ఒక వరస తప్పు పడింది. ముందు వరసలో కూర్చునే వాళ్ళు దయచేసి కుడివైపు చూడండి.