పదేళ్లు దాటిన బండికి వారంటీ లేదన్న రేడియేటర్ కంపెనీకి ఫిర్యాదు

జయపురం,
కోరాపుట్ జిల్లా, ఒడిశా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
రేడియేటర్ కంపెనీ ప్రధాన కార్యాలయం.

విషయం: టాటా ఇండిగో మెరీనా డీజిల్ బండికి కొన్న రేడియేటర్ వారంటీ తిరస్కరణ, డబ్బు వాపసు, మరమ్మతు ఖర్చు కోరుతూ.

అయ్యా,

మీ టెక్నికల్ విభాగం పంపిన ఉత్తరం అందింది. "వాహనం వయసు పదేళ్లు దాటినందున వారంటీ వర్తించదు" అని అందులో మొదటి కారణం రాశారు. మీ రేడియేటర్ వచ్చిన అట్టపెట్టె ఇప్పుడు నా ముందే ఉంది. దాని మీద ఇండిగో, ఇండిగో మెరీనా 1.4 డీజిల్ అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. మెరీనా తయారీ ఆగిపోయి ఎన్నేళ్లయిందో మీకు తెలియనిది కాదు. ఇవాళ రోడ్డు మీద తిరుగుతున్న ఏ మెరీనా అయినా పదేళ్లు దాటినదే. అంటే మీరు ఈ సరుకు ఎవరికి అమ్మినా వారంటీ వర్తించని వాడికే అమ్ముతున్నారు. అలాంటప్పుడు డబ్బాలో పన్నెండు నెలల వారంటీ కార్డు పెట్టడం ఎందుకు? ఆ కార్డు రెండు వైపులా చదివాను. బండి వయసు గురించి ఒక్క ముక్క లేదు. నేను డబ్బు కట్టినప్పుడు లేని షరతు, రేడియేటర్ పగిలాక ఎక్కడి నుంచి వచ్చింది?

నా సంగతి కొంచెం చెబుతాను. నాకు జయపురంలో మందుల ఏజెన్సీ ఉంది. ఇక్కడి నుంచి కోరాపుట్, సెమిలిగుడ, సునాబెడ షాపులకు సరుకు వేస్తాను. ఆదివారం తప్ప రోజూ ఘాటీ (కొండ దారి) ఎక్కాలి, దిగాలి. 2007లో రిజిస్టర్ అయిన ఈ మెరీనా నా చేతికి వచ్చినప్పటి నుంచి ఇదే పని చేస్తోంది. వెనక సీటు మడిస్తే డిక్కీ తలుపు దగ్గర నుంచి ముందు సీట్ల దాకా చదునుగా చోటు వస్తుంది. అట్టపెట్టెలు వంగి ఎత్తకుండా నేరుగా తోసేయొచ్చు. పైన కప్పు ఉంది కాబట్టి వానాకాలంలో సరుకు తడవదు. ఆదివారం అదే సీటు లేపితే ఇంటిల్లిపాదీ పార్వతీపురం పెళ్లికి వెళ్లి రావచ్చు. చిన్న ట్రాలీ కొనుక్కోమని చాలామంది సలహా ఇచ్చారు. ట్రాలీలో మా అమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్లలేను కదా.

పాత బండిని రోజూ నడపాలంటే జరగబోయేదాన్ని ముందే చూసుకోవాలి. డ్యాష్‌బోర్డు అరలో ఒక నోట్‌బుక్ ఉంటుంది. ఏ సామాను ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చామో అందులో రాసుకుంటాను. టైమింగ్ బెల్టు తెగేదాకా ఆగను. తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగిలి ఇంజన్ పై భాగం, అంటే హెడ్ మొత్తం పోతుంది. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ రెండేళ్లకోసారి మారుస్తాను. ఇక్కడ చాలా షెడ్లలో బండి వేడెక్కుతోందంటే ముందు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) తీసి పారేస్తారు. నేను ఒప్పుకోను. అది తీసేస్తే డిసెంబరు పొద్దుటి పూట కోరాపుట్ చలిలో ఇంజన్ సరిగా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఈ జాగ్రత్తలో భాగంగానే, పాత రేడియేటర్ కారక ముందే, రెక్కలు తుప్పు తిని రాలుతున్నాయని చూసి మీది కొన్నాను. విశాఖలో మీ డీలరు దగ్గర, ఫిబ్రవరిలో, పక్కా బిల్లుతో. పై హోసు, కింది హోసు, మూత కూడా అప్పుడే కొత్తవి వేయించాను.

ఆగస్టులో అది పోయింది. ఆ రోజు పొద్దున బయల్దేరే ముందు కూలెంట్ సీసాలో మట్టం చూశాను, గీత దగ్గర సరిగ్గా ఉంది. జయపురం నుంచి కోరాపుట్ వెళ్లే ఘాటీలో లోడు లారీ వెనక రెండో గేరులో ఎక్కుతున్నాను. వాన పడుతోంది. అంత నెమ్మదిగా వెళ్లేటప్పుడు రేడియేటర్‌కి ఎదురుగాలి తగలదు, ఫ్యానే దిక్కు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి టెంపరేచర్ ముల్లు పైకి లేచి, వెంటనే కిందకి పడిపోయింది. తెలియనివాడు చల్లబడిందనుకుంటాడు. సెన్సర్ దగ్గర నీళ్లు లేకపోతే ముల్లు అలాగే పడుతుంది. అనుమానం వచ్చి హీటరు వేసి చూశాను. చల్లగాలి వచ్చింది. హీటరు గొట్టంలో కూడా వేడి నీళ్లు లేవన్నమాట. మలుపు దాటగానే పక్కకి ఆపి ఇంజన్ కట్టేశాను. బానెట్ ఎత్తితే ఆవిరి, కింద పచ్చని కూలెంట్ కాలువ.

వెనకే వచ్చిన జీపు డ్రైవరు సీసాతో నీళ్లు తెచ్చి పోయమన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ మరిగిన ఇంజన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ చీలుతుందని నేను మూత కూడా తీయలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో మీ రెండో కారణం దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది. బండిలో ఐస్ ప్యాకుల పెట్టెలో ఇన్సులిన్ ఉంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన సరుకు అది. దాన్ని ఆ జీపులోనే ఎక్కించి సునాబెడ షాపుకి ఫోన్ చేశాను. పాడవకుండా చేరింది కాబట్టి దాని తాలూకు నష్టమేమీ నేను అడగడం లేదు. బండిని మాత్రం క్రేన్ పెట్టి వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు లోపం. మీ రేడియేటర్‌లో మధ్య భాగం అల్యూమినియం, రెండు చివరలా ప్లాస్టిక్ ట్యాంకులు. ఆ రెండింటి మధ్య రబ్బరు సీలు వేసి, చుట్టూ ఉన్న అల్యూమినియం పళ్లను ట్యాంకు అంచు మీదకి మిషన్‌తో మడుస్తారు. నా రేడియేటర్‌లో కుడి ట్యాంకు చుట్టూ పళ్లన్నీ అంచును గట్టిగా కరిచి పట్టుకున్నాయి. ఎడమ ట్యాంకు పై మూలన నాలుగు పళ్లు సగమే వంగి ఉన్నాయి, సందులో గోరు దూరుతుంది. సరిగ్గా వాటి కిందే సీలు మెలిపడి నలిగింది. అక్కడి నుంచే పచ్చటి చార కిందకి దిగింది. ఇంకెక్కడా చార లేదు, దెబ్బ లేదు, రాయి తగిలిన గుర్తు లేదు. ఇది ఫ్యాక్టరీలో మడత సరిగా పడక వచ్చిన తప్పు. బిగించిన వాడి చేతిలోనో నడిపిన వాడి చేతిలోనో జరిగేది కాదు. ఏ మెకానిక్కూ ఆ పళ్లను ముట్టుకోడు, ముట్టుకోవాల్సిన పనీ ఉండదు.

ఆ సందు వల్ల ఏం జరుగుతుందో మీ ఇంజనీర్లకి చెప్పనక్కర్లేదు, అయినా ఉత్తరం చదివే వారి కోసం రాస్తున్నాను. రేడియేటర్ మూత లోపల దాదాపు ఒక బార్ (బయటి గాలి ఒత్తిడంత) అదనపు ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడి ఉన్నంతసేపు మామూలు నీళ్లే 120 డిగ్రీల దాకా మరగవు, కూలెంట్ కలిపితే ఇంకాస్త పైకి. ఒత్తిడి జారిపోతే ఆ రక్షణంతా పోతుంది. పైగా మాది కొండ ప్రాంతం. కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తు. ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మైదానంలో ఇంటికి చేర్చే చిన్న లీకు ఘాటీలో ఇంజన్ తీసేస్తుంది.

నేను పంపిన రేడియేటర్‌ని మీవాళ్లు పరీక్షించి నాలుగు ఫోటోలతో రిపోర్టు ఇచ్చారు. నాలుగూ కుడి ట్యాంకువే. నా ఉత్తరంలో ఎడమ పై మూల అని స్పష్టంగా రాసినా అటువైపు ఒక్క ఫోటో తీయలేదు. ఇది పొరపాటున జరిగిందంటే నమ్మడం కష్టంగా ఉంది.

మీ రెండో కారణం: మామూలు నీళ్లు వాడటం వల్ల లోపల ఉప్పు పేరుకుందట. దయచేసి మీ డీలరు ఇచ్చిన బిల్లు కాపీ చూడండి. మొదటి లైను రేడియేటర్. రెండో లైను కూలెంట్, మూడు లీటర్లు. మీ డీలరే అమ్మిన కూలెంట్, అదే రోజు. సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోశాం. దానికి ముందు ఇంజన్ బ్లాకుని తేట నీళ్లు వచ్చేదాకా కడిగాం. బోరు నీళ్లలో సున్నపు ఉప్పు ఎంత ఉంటుందో ఈ ఊళ్లో గీజర్లు బాగుచేసేవాణ్ణి ఎవరిని అడిగినా చెబుతాడు, నేను దాన్ని బండి దరిదాపులకి రానివ్వను. ఘాటీలో ఆగినప్పుడు కూడా చుక్క నీళ్లు పోయలేదని పైన రాశాను. మీరు తిప్పి పంపాక మా మిస్త్రీ గొట్టంలోంచి లైటు వేసి చూపించాడు. లోపలి గొట్టాలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఉప్పు ఎక్కడుందో చూపించండి.

"అధీకృత సర్వీస్ సెంటర్‌లో బిగించలేదు" అన్నది మూడోది. మీ కంపెనీకి కోరాపుట్ జిల్లాలో అధీకృత సెంటరు ఉంటే అడ్రసు పంపండి, రేపే వెళ్తాను. లేదని మీ కస్టమర్ కేర్ వాళ్లే ఫోన్‌లో చెప్పారు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. మీ కస్టమర్ కేర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమె మీద నాకేమీ కోపం లేదు. కానీ ఆ తర్వాత లైనులోకి వచ్చిన సీనియరు ఒకాయన, "పదేళ్లు దాటిన డీజిల్ బండి నడపడమే నేరం కదండీ, స్క్రాప్‌కి ఇచ్చేయండి" అన్నారు. ఆయనకి ఎవరైనా చెప్పండి. పదేళ్ల డీజిల్ నిషేధం ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతం గురించి జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ ఇచ్చి, 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన ఉత్తర్వు. జయపురం ఢిల్లీలో లేదు. మిగతా చోట్ల సొంత కారుకి పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. 2022లో రెన్యువల్ ఫీజు ఆరువందల నుంచి ఐదు వేలకి పెంచారు. ఆ ఐదు వేలూ కట్టి నేను పొడిగించుకున్నాను. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ అమల్లో ఉన్నాయి. ప్రభుత్వం నడుపుకోమన్న బండిని మీ ఉద్యోగి నేరం అంటే ఎలా? పాత బళ్లన్నీ స్క్రాప్‌కి పోతే మీ రేడియేటర్లు కొనేదెవరో కూడా ఆయన ఆలోచించినట్టు లేదు.

ఇక ఖర్చు. హెడ్ విప్పితే దాని కింది ప్యాకింగ్ (గాస్కెట్) కాలిపోయింది, కూలెంట్ కలిసి డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉంది. స్కేలు పెట్టి చూస్తే హెడ్ వంగింది. లేత్ షాపులో ఫేసింగ్ చేయించి చదును చేసి, ప్యాకింగ్, ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ కొత్తవి వేసి, కూలితో కలిపి రూ.11,300 అయింది. రేడియేటర్ ధర రూ.4,650. క్రేన్ రూ.2,500. మీకు పార్సిల్ పంపడానికి రూ.640. మొత్తం రూ.19,090. దేనికీ రసీదు లేకుండా లేదు, కాపీలన్నీ దీనితో జతచేశాను. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ అద్దె వ్యానులో సరుకు వేసిన ఖర్చు ఇందులో కలపలేదు. ఈ ఉత్తరంతోనే విషయం తేలిపోతే దాన్ని వదిలేస్తాను. వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లాల్సి వస్తే అది కూడా కలుపుతాను.

ఎందుకంటే వెళ్లడానికి నాకు దూరం కాదు. మీ వారంటీ కార్డు వెనక "వివాదాలన్నీ మా ప్రధాన కార్యాలయం ఉన్న నగర కోర్టుల పరిధిలోనే" అని చిన్న అక్షరాల్లో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. తయారీ లోపం వల్ల జరిగిన నష్టానికి తయారీదారు బాధ్యత గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను, తర్వాత కమిషన్‌కి వెళ్తాను. బెదిరింపుగా రాయడం లేదు, నేను చేయబోయేది ముందుగా చెబుతున్నాను.

ఈ ఉత్తరం అందిన ముప్పై రోజుల్లోపు రూ.19,090 నా ఖాతాకి పంపాలి. బదులుగా ఇంకో రేడియేటర్ ఇస్తామంటే నాకు వద్దు, వేరే కంపెనీది వేయించేశాను. అలాగే అదే బ్యాచ్ నంబరుతో విశాఖ డీలరు దగ్గర ఇంకా ఉన్న సరుకుని మీవాళ్లు ఒకసారి విప్పి ఎడమ ట్యాంకు పళ్లు చూడాలి. నేను కొన్న రోజు ఆ అరలో అలాంటి డబ్బాలు ఇంకా ఉన్నాయి. వాటిని కొనేది కూడా నాలాగే రోజూ బండి మీద బతికేవాళ్లే. వాళ్లలో సుంకి ఘాటీ ఎక్కేవాళ్లూ ఉంటారు.

పగిలిన రేడియేటర్‌ని అమ్మలేదు, పారేయలేదు. ఎడమ మూల పళ్లు, మెలిపడ్డ సీలు కనిపించేలా దగ్గర నుంచి తీసిన ఫోటోలు జతచేశాను. స్వయంగా చూడాలంటే మీ ఇంజనీరుని పంపండి, మా మిస్త్రీ షెడ్డులోనే ఉంది. వచ్చే ముందు ఫోన్ చేయమనండి. సాయంత్రం ఐదు దాటాక అయితే నేను జయపురంలోనే ఉంటాను.

ఇట్లు,
(సంతకం)