చెక్కభజన గురువు గారి కోసం

ఊరి అన్నలకు, అక్కలకు నమస్కారం.

ఏప్రిల్ 29 అంతర్జాతీయ నృత్య దినోత్సవం, 1982 నుంచి జరుపుతున్నారు. మన కడప పల్లెల్లో ఆట అంటే ముందు, చేతిలో చెక్కలు కొడతా పాడి ఆడే చెక్కభజనే. పగలంతా చేన్లో పనిచేసి వచ్చిన పిల్లోళ్లను రాత్రిపూట గుడి ముందర వలయంగా నిలబెట్టి, తాను పాట అందుకుంటా, చెక్క దెబ్బకు గజ్జె కాలు కలిసేదాకా ఒక్కో అడుగూ మళ్లీ మళ్లీ వేయించేది గురువే. చదువురాని వాళ్లకు కూడా రామాయణం నోటికొచ్చింది ఆ పాటలతోనే. అనంతపురంలో ఉరుము వాద్యం వాయిస్తా ఆడే ఉరుముల ఆటా, కర్నూలు గురవయ్యల ఆటా అంతే, పెద్దల దగ్గర నేర్చుకున్నవే.

టౌన్లో డాన్స్ క్లాసుకు నెలనెలా ఫీజు కడతాం. ఊరి గురువుకు మాత్రం టెంకాయ, శాలువాతో సరిపెడతాం. ఇది న్యాయం కాదు. ఏప్రిల్ 29 సాయంత్రం పిల్లల్ని పిలుచుకొని గుడి దగ్గరికి రండి. వేసవి సెలవుల్లో నేర్పమని ఆయన్ను అడుగుదాం, జీతం సంగతి అక్కడే తేల్చుకుందాం. ఆడపిల్లల్నీ తప్పకుండా చేర్పించండి.