గుర్రం కనబడని గుర్రప్పందెం

సంపాదకుల వారికి నమస్కారం.

పన్నెండు రోజుల క్రితం మీ క్రీడా పుటలో, గుర్రప్పందేలకు ప్రేక్షకులు తగ్గిపోతున్నారని ఒక వార్త వచ్చింది. పన్నుల భారం, యువతకు ఆసక్తి లేకపోవడం అందులో చెప్పిన రెండు కారణాలు. పన్ను సంగతి నిజమే. పందెం పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ అని 2023 అక్టోబరులో చట్టంలోనే స్పష్టం చేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 40 శాతానికి పెంచారు. అయితే ఆ పన్ను తగిలేది పందెం కాసేవారికి. నాలాగా ఒక్క రూపాయి కూడా కాయకుండా, కేవలం గుర్రాల పరుగు చూద్దామని టీవీ ముందు కూర్చునేవాళ్లు ఎందుకు లేచిపోతున్నారో ఆ వార్తలో ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం రాయడానికే ఈ లేఖ.

నేను పశుసంవర్ధక శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. మా నాయన ఇదే అనంతపురంలో రైల్వే స్టేషను నుంచి టవర్ క్లాక్ దాకా జట్కా తోలి మమ్మల్ని సాకినాడు. పొద్దున బండి కట్టే ముందు ఆయన గుర్రానికి ఎదురుగా నిలబడి మొదట చెవులు చూసేవాడు. చెవులు ముందుకు నిక్కి ఉంటే దాని మనసు బాగున్నట్టు, వెనక్కి వాలి తలకు అంటుకుపోయి ఉంటే కళ్లెం తగిలించేటప్పుడు చేయి జాగ్రత్త. ఆ తరువాత వంగి ముంగాలి గిట్ట మీదా, పైన కీలు మీదా అరచేయి ఆనించి వేడి ఉందేమో చూసేవాడు. వేడి తగిలితే ఆ రోజు బాడుగకు పోయేవాడు కాదు, ఇంట్లో బియ్యం లేకపోయినా సరే. గుర్రాన్ని ఎట్లా చూడాలో నాకు నేర్పింది ఆయనే. బెంగళూరు, హైదరాబాదు రేస్‌కోర్సులు రెండూ మాకు ఒక రోజు ప్రయాణం పెట్టుకుంటే తప్ప అందవు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో మలక్‌పేటకు మారిన పందేలు ఇప్పటికీ అక్కడ జరుగుతున్నాయి గానీ, డెబ్బయ్యో పడిలో నేను బస్సెక్కి వెళ్లి చూడలేను. నాకు ఉన్న దిక్కు టీవీ ఒక్కటే.

పోయిన నెల ఒక ఆదివారం 2400 మీటర్ల పందెం ఒకటి చానల్లో వస్తుందంటే, అన్నం తినే వేళ మార్చుకుని మరీ కూర్చున్నాను. పరుగు మొత్తం రెండున్నర నిమిషాలు. దానికి ముందు అరగంట కార్యక్రమం. ఆ అరగంటలో ఇద్దరు వ్యాఖ్యాతలు ఏ గుర్రం మీద ఎంతకు ఎంత వస్తుందో చెప్పుకుంటూ కూర్చున్నారు, కెమెరా గ్యాలరీలో ప్రముఖుల టోపీల మీదా, కూలింగ్ గ్లాసుల మీదా తిరిగింది. పరుగుకు ముందు గుర్రాలను చుట్టూ నడిపించి చూపే ప్యాడక్‌ను చూపింది నిమిషం కన్నా తక్కువ, అదీ నడుముల దాకానే. ఏది చెమట పట్టి ఉంది, ఏది కాలు ఎగరేస్తోంది, ఏది తలవంచి నిమ్మళంగా నడుస్తోంది అన్నది తెలియాలంటే కాళ్లు కనబడాలి. ఆ తరువాత ప్రకటనలు వేశారు. ప్రకటనలు అయిపోయేసరికి గేట్లు తెరుచుకున్నాయి, గుర్రాలు అప్పటికే రెండు వందల మీటర్లు దాటిపోయినాయి. ఏది చురుగ్గా బయటపడింది, ఏది గేటులో తడబడి వెనకబడింది అన్నది మాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడి నుంచి చివరి వంపు దాకా ముందున్న రెండు గుర్రాల తలలే తెర నిండా చూపించారు. వెనక పది గుర్రాలు ఎక్కడున్నాయో, ఎవరు ఎవరిని కమ్మేసి దారి మూశారో తెలియలేదు. చివరి నాలుగు వందల మీటర్లకు వచ్చేసరికి తెర అడుగున మూడో వంతు మేర ప్రకటనల పట్టీ పడింది. కెమెరా వైపు నుంచి ఒక గుర్రం దూసుకువస్తోందని వ్యాఖ్యాత గొంతును బట్టి అర్థమైంది గానీ, మా కంటికి ఆ పట్టీ మీద కదులుతున్న పసుపు టోపీ ఒక్కటే కనిపించింది. గుర్రం లేదు, జీను లేదు, నంబరు లేదు, ఒక టోపీ. అది ఏడో నంబరు గుర్రమనీ, అదే గెలిచిందనీ పందెం అయిపోయిన తరువాత చదివారు. వ్యాఖ్యాత మొదట ఇంకో పేరు చెప్పి, మళ్లీ దిద్దుకున్నాడు. రెండో స్థానానికి ఫోటో ఫినిష్ అన్నారు. గీతకు సూటిగా అమర్చిన కెమెరా తీసే ఆ ఫోటోలో ఏ ముక్కు కొన ముందుందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఆ ఫోటోను మాత్రం చూపించలేదు, నంబరు ఒకటి చదివి మళ్లీ ప్రకటనల్లోకి వెళ్లిపోయారు.

ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గుర్రప్పందెం జూదం కాదని, ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే క్రీడ అని మద్రాసు రేస్ క్లబ్ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. గుర్రం జాతి, దానికి ఇచ్చిన శిక్షణ, ఎక్కిన జాకీ నేర్పు ఫలితాన్ని నిర్ణయిస్తాయన్నదే ఆ తీర్పుకు ఆధారం. అంత పెద్ద న్యాయస్థానం గుర్తించిన నేర్పును ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి చూపించవలసిన బాధ్యత టీవీ వారిది కాదా? మొదటి వెయ్యిన్నర మీటర్లు గుర్రాన్ని ముందువాటి చాటున దాచి, దాని సత్తువ మిగిల్చి, ఖాళీ దొరికిన క్షణంలో బయటికి లాగే జాకీ నేర్పు దూరం నుంచి తీసిన దృశ్యంలోనే తెలుస్తుంది. వంపు తిరిగేటప్పుడు గుర్రం లోపలి వైపు ముంగాలును ముందు వేస్తుంది, తిన్నని దారిలోకి రాగానే కాలు మార్చుకుంటుంది, మార్చుకున్న చోట దానికి కొత్త ఊపు వస్తుంది. బాగా తర్ఫీదైన గుర్రానికీ, కానిదానికీ తేడా అక్కడే బయటపడుతుంది. కాళ్ల మీద పట్టీ వేసి, తలలు మాత్రమే చూపించి, పక్కన ధరల పట్టిక నడిపితే మిగిలేది జూదమే. ఈ ఆటను జూదమని తిట్టేవారికి ఆ మాట అందిస్తున్నది ఈ ప్రసారాలే.

1973లో అమెరికాలో బెల్మాంట్ పందెంలో సెక్రటేరియట్ అనే గుర్రం మైలున్నర దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో పరుగెత్తి, 31 గుర్రాల నిడివి తేడాతో గెలిచింది. ఆ దృశ్యం ఇప్పటికీ దొరుకుతుంది, నేను మనవడి ఫోనులో చాలాసార్లు చూశాను. వెనక గుర్రాలు కూడా తెరలో ఇమడాలని కెమెరా వెడల్పవుతూ పోతుంది, ముందున్న గుర్రం చిన్నదవుతూ పోతుంది. ఆ ఖాళీ స్థలం కనబడటం వల్లనే అది ఎంత గొప్ప పరుగో గుర్రాల గురించి ఏమీ తెలియనివారికి కూడా అర్థమవుతుంది. యాభై ఏళ్ల నాడు, ఇంత పరికరాలు లేని రోజుల్లో చేసిన పని అది.

అంత దూరం ఎందుకు, మన పల్లెల్లో ఉగాదికీ, జాతరలకూ జరిగే బండలాగుడు పోటీలు చూడండి. ఎడ్ల వయసును పళ్లతో లెక్కకట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని పెట్టిన విభాగం పేరు, ఎడ్ల జత ఏ ఊరిది, యజమాని ఎవరు, ఇప్పటిదాకా లాగిన దూరం ఎన్ని అడుగులు, ఇంకా ఎంత సమయం ఉంది అన్నీ మైకులో మన తెలుగులో చెబుతారు. ఊరి కుర్రవాడు ఫోను పట్టుకుని తీసినా ఎద్దు కొమ్ము నుంచి గిట్ట దాకా కనబడుతుంది, బండ కనబడుతుంది, గీత కనబడుతుంది. క్రికెట్‌కూ కబడ్డీకీ తెలుగు వ్యాఖ్యానం వచ్చింది. మలక్‌పేట తెలుగునేల మీదే ఉన్నా, గుర్రప్పందేనికి తెలుగులో నాలుగు మాటలు చెప్పేవారిని మాత్రం ఆ చానల్ పెట్టుకోలేదు.

ఫిర్యాదు చేయలేదా అని మీరు అడగవచ్చు. చేశాను. కేబుల్ టీవీ నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం ప్రేక్షకుడి ఫిర్యాదుకు చానల్ 15 రోజుల్లో జవాబు చెప్పాలి. జవాబు వచ్చిన మాట నిజమే. ప్రోగ్రామ్ కోడ్, అంటే టీవీలో ఏం చూపకూడదో చెప్పే నియమావళి, ఉల్లంఘన ఏదీ జరగలేదు కాబట్టి ఫిర్యాదును ముగించామని రెండు వాక్యాలు రాశారు. అశ్లీలం లేదు, ఎవరినీ కించపరచలేదు, కాబట్టి తప్పు లేదట. నెలనెలా చందా కట్టే మనిషికి చూపిస్తామన్న వస్తువును చూపించకపోవడం ఏ నిబంధన కింద తప్పో, ఎవరిని అడగాలో నాకు తెలియలేదు. గుర్రానికి సంబంధించిన ప్రతి క్రీడకూ ఇదే గతి. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో గుర్రాన్ని రౌతు సైగలకు లయగా నడిపించే డ్రెసాజ్ అనే పోటీలో మన జట్టు స్వర్ణం గెలిచింది, 1982 తరువాత గుర్రపు స్వారీలో మనకు వచ్చిన మొదటి స్వర్ణం అది. ఆ రాత్రి నేను చానళ్లన్నీ తిప్పితే పతకాలు పట్టుకున్న నలుగురు పిల్లలు కనిపించారు. వాళ్ల గుర్రాలు మాత్రం ఎక్కడా కనబడలేదు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. గేటు నుంచి గీత దాకా ఒకే దృశ్యం, అన్ని గుర్రాలూ కనబడేట్టు, ఆ రెండున్నర నిమిషాలు పట్టీ లేకుండా. అరగంట మాటల్లోంచి ఐదు నిమిషాలు ప్యాడక్‌కు ఇవ్వండి, కెమెరాను గిట్టల దాకా దించండి. ఫోటో ఫినిష్ జరిగితే ఫోటో చూపించండి. ఈ లేఖను మీరు ప్రచురిస్తే సంతోషం, చోటు లేకపోతే దీన్ని ఆ చానల్ వారికి పంపినా చాలు. ఆ ఆదివారం పందెం పట్టీ లేని దృశ్యం వాళ్ల దగ్గర ఉండే ఉంటుంది. ఆ ఏడో నంబరు గుర్రం వెనక నుంచి ఎట్లా వచ్చిందో నేను ఇంకా చూడలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి, అనంతపురం