అద్దె కారుకు బీమా సరే, నడిపే ఉద్యోగికో?

సంపాదకులకు,

ఆఫీసు పని మీద పొరుగూరు వెళ్లే ఉద్యోగికి డ్రైవరుతో టాక్సీ మాట్లాడే బదులు సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకొమ్మనడం హైదరాబాద్, విజయవాడ, విశాఖ కంపెనీల్లో మామూలైపోయింది. డ్రైవరు బత్తా మిగులుతుంది, రాత్రి ఎక్కడ ఆగాలన్న గొడవ ఉండదు. బీమా సంగతి అడిగితే హెచ్‌ఆర్ నుంచి వచ్చే జవాబు ఒక్కటే: ‘కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉందండీ’. ఉండే ఉంటుంది. కానీ స్టీరింగ్ పట్టుకున్న మనిషికి అందులో దక్కేది దాదాపు ఏమీ లేదని చాలామందికి క్లెయిము వేసే రోజు దాకా తెలియదు.

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమాను. ఆ కారు తగిలి చనిపోయిన, గాయపడిన ఇతరులకు, దెబ్బతిన్న వాళ్ల ఆస్తికి అది వర్తిస్తుంది. నడిపే వ్యక్తి ఆ ‘ఇతరుల్లో’ లేడు. పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది కదా అంటారు. అది ఓనర్-డ్రైవర్‌కు, అంటే ఆర్‌సీలో పేరుండి లైసెన్సు ఉన్న యజమానికి. కారు ఒక కంపెనీ పేరు మీద ఉంటే ఆ కవర్ అసలు ఇవ్వరు. ఎవరో వ్యక్తి తన కారును అద్దెకు పెడితే అది ఆయనకే, మీకు కాదు.

ఎదుటి లారీది తప్పయితే దాని బీమా కంపెనీ మీద క్లెయిము వేసుకోవచ్చు. గేదె అడ్డొచ్చి డివైడర్‌ను గుద్దినా, నిద్రమత్తులో కల్వర్టులోకి దిగినా అడగడానికి ఎవరూ ఉండరు. ఇంకొకరి వాహనం తీసుకొని నడిపేవాడు యజమాని స్థానంలోకి వస్తాడని, థర్డ్ పార్టీ కాడని సుప్రీంకోర్టు నింగమ్మ (2009), రామ్‌ఖిలాడీ (2020) కేసుల్లో చెప్పింది. అవి అడిగి తీసుకెళ్లిన మోటారు సైకిళ్ల కేసులు. అద్దె కారు విషయంలోనూ బీమా కంపెనీ లాయరు ముందుగా తీసేది ఆ తీర్పులనే.

ఇక మిగిలేది పనికి పంపిన యాజమాన్యం బాధ్యత. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం) పరిధి 21,000 రూపాయల నెల జీతం దగ్గరే ఆగిపోతుంది. ఆ పైవాళ్లకు 1923 నాటి ఉద్యోగి పరిహార చట్టం లెక్క (దాన్ని 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు). ఉద్యోగి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. అయితే ఆ లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000 అని 2020లో ఖరారు చేశారు. ముప్పై ఏళ్ల వయసుకు గుణకం 207.98. అంటే 7,500 ఇంటూ 207.98, మొత్తం 15,59,850 రూపాయలు. అతని జీతం నలభై వేలైనా, లక్షన్నరైనా ఇంతే. కార్యాలయంలో పనిచేసే మేనేజరు, పరిహారం వర్తించే ఉద్యోగాలంటూ చట్టం ఇచ్చిన జాబితాలోకి వస్తాడా అన్న వాదన ఎలాగూ ఉంటుంది.

అందుకే ఉద్యోగులను కారు నడపమని పంపే ఏ సంస్థకైనా గ్రూప్ వ్యక్తిగత ప్రమాద పాలసీ ఉండి తీరాలి. ఉందని తృప్తి పడితే చాలదు, పాలసీ షెడ్యూలు (ఎవరికి, ఎంత కవర్ అని రాసి ఉండే పత్రం) తెరిచి చూడాలి. కవర్ ఇరవై నాలుగు గంటలూ ఉందా, డ్యూటీ వేళల్లోనేనా? మంచం పట్టిన వారాలకు చెల్లింపు ఉందా? అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది పేర్ల జాబితా. కొత్తగా చేరినవాళ్ల పేర్లు బీమా కంపెనీకి ఎప్పటికప్పుడు పంపకపోతే, పోయిన నెల చేరిన కుర్రాడు ఆ పాలసీలో లేనట్టే. కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు, ట్రైనీలు చాలాచోట్ల జాబితాకు బయటే ఉంటారు. తరచూ బండెక్కించేది మాత్రం వాళ్లనే.

కారు తీసుకునేటప్పుడు ముందు చూడాల్సింది నంబరు ప్లేటు. చట్టబద్ధమైన సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు సొంత వాడకానిది. దాని ప్రైవేటు పాలసీలో ‘హైర్ ఆర్ రివార్డ్’కు, అంటే కిరాయికి, వాడకూడదని స్పష్టంగా ఉంటుంది. కాస్త చవకగా వస్తుందని తెలిసినవాళ్ల తెల్ల బోర్డు కారును అద్దెకు తీసుకుంటే కారు నష్టం క్లెయిమును తిప్పికొడతారు. థర్డ్ పార్టీ కేసులో కోర్టు ‘ముందు బాధితుడికి చెల్లించు, తర్వాత వసూలు చేసుకో’ అనొచ్చు. ఆ వసూలు కారు యజమాని మీదికి వస్తుంది, ఆయన మీ మీదికి వస్తాడు. నల్ల ప్లేటు ఉన్నా పర్మిట్, ఫిట్‌నెస్ తేదీలు చూసుకోవాలి. తెలంగాణ కారుతో ఆంధ్రలోకి వెళ్తుంటే పర్మిట్ అక్కడా చెల్లుతుందో లేదో అడగాలి. పర్మిట్ లేకపోవడం పాలసీ షరతుల మౌలిక ఉల్లంఘన అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. లైసెన్సు విషయంలో మాత్రం భయం అక్కర్లేదు. సొంత వాడకానికి అద్దెకు తీసుకున్న మోటారు క్యాబ్‌కు ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (లైసెన్సు మీద వాణిజ్య వాహనానికి ఇచ్చే ప్రత్యేక అనుమతి) అవసరం లేదని మోటారు వాహనాల చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది, మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలు.

ఇంకో చిక్కు, బుకింగ్ ఒకరి పేరు మీద, స్టీరింగ్ ఇంకొకరి చేతిలో. హైదరాబాద్ నుంచి విశాఖకు ఇద్దరు సహోద్యోగులు మార్చి మార్చి నడుపుతారు. రెండోవాడి లైసెన్సు ఒప్పందంలో నమోదు కాకపోతే ‘మీ బాధ్యత ఇంతవరకే’ అన్న అద్దె సంస్థ హామీ ఎగిరిపోతుంది. బిల్లు కంపెనీ కట్టినా ఒప్పందం మీద సంతకం ఉద్యోగిదైతే, నష్టానికి నోటీసు ఉద్యోగి ఇంటికే వస్తుంది.

నష్టం లెక్కలో ఖాళీలు చాలా. జీరో డిప్ (భాగాల అరుగుదల పేరిట కోత పెట్టని యాడ్-ఆన్, అంటే అదనపు కవర్) లేని పాలసీలో బంపర్ల వంటి ప్లాస్టిక్ భాగాలకు, రబ్బరుకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. కారుకు వేరే దెబ్బ తగలకుండా టైరు ఒక్కటే చీలితే ఏమీ రాదు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్ జామ్ అవుతుంది. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేకపోతే ఆ బిల్లు మొత్తం చేతి నుంచే. కారు షెడ్డులో ఉన్నన్ని రోజులకు అద్దె సంస్థ వేసే రోజువారీ చార్జీ మామూలు మోటారు పాలసీలో రాదు. వీటిని ఎవరు భరిస్తారో కంపెనీ ప్రయాణ నిబంధనల్లో ఒక్క వాక్యం రాస్తే ఉద్యోగి జీతంలో కోతలు ఉండవు.

ప్రమాదం జరిగితే ముందు గాయపడినవాళ్లకు వైద్యం, ఇరవై నాలుగు గంటల్లోపు పోలీసులకు సమాచారం. ఇది 134వ సెక్షన్ డ్రైవరు మీద పెట్టిన విధి. కార్లు జరపకముందే నంబరు ప్లేట్లతో సహా ఫొటోలు తీయాలి. అద్దె సంస్థకు వెంటనే ఫోన్ చేసి, అదే సంగతి మెసేజ్‌గా కూడా పంపాలి. సర్వేయర్ (బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే వ్యక్తి) చూడకముందు దారిలోని మెకానిక్ చేత విప్పించకూడదు. అక్కడికక్కడే ‘తప్పు మాదే, ఇంత ఇస్తాం’ అని కాగితం రాసివ్వడం మనవాళ్లకు బాగా అలవాటు. బీమా కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా అలాంటి ఒప్పుకోలు, చెల్లింపు కూడదని పాలసీ షరతుల్లో ఉంటుంది.

అమెరికాకు ఆన్‌సైట్ వెళ్లే మన పిల్లల పరిస్థితి వేరు. అక్కడ అద్దె కౌంటరులో అమ్మే కొలిజన్ డ్యామేజ్ వేవర్ ఆ కారు నష్టానికే, ఎదుటివాళ్లకు కాదు. టెక్సాస్ చట్టం అడిగే కనీస బాధ్యత కవర్ ఒక్కొక్కరి గాయాలకు 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000. ఒక్క సర్జరీతో అది దాటిపోతుంది. 2005 నాటి గ్రేవ్స్ సవరణ వల్ల, తన వైపు నిర్లక్ష్యం లేకపోతే, కారు తనదన్న కారణంతో మాత్రమే అద్దె సంస్థను బాధ్యుణ్ణి చేయలేరు. కొత్తగా దిగినవాడికి అక్కడ సొంత ఆటో పాలసీ ఉండదు. కంపెనీకి ‘హైర్డ్ అండ్ నాన్-ఓన్డ్ ఆటో’ కవర్ (కంపెనీ పనికి వాడే అద్దె కార్లు, తనవి కాని కార్ల వల్ల వచ్చే బాధ్యతకు బీమా) ఉందో లేదో విమానం ఎక్కకముందే మెయిల్‌లో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అది లేకపోతే కౌంటరులో అదనపు లయబిలిటీ కవర్ కొని, ఆ ఖర్చును ఆఫీసు బిల్లులో వేయాలి. క్రెడిట్ కార్డు కవర్‌ను నమ్ముకుంటే, అది సాధారణంగా లయబిలిటీని ముట్టుకోదు.

ఇక్కడ ప్రభుత్వం పెద్ద ఖర్చేమీ లేకుండా చేయగలిగింది ఒకటుంది. అద్దె సంస్థలు బుకింగ్ తెర మీదే ఆ కారు పాలసీ కాపీ, పర్మిట్ గడువు, అద్దెదారుకు వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూపించాలని రెండు రాష్ట్రాల రవాణా శాఖలు లైసెన్సు షరతుగా పెట్టాలి. ఆ కవర్ లేకపోతే ‘డ్రైవరుకు బీమా లేదు’ అని తెలుగులో, డబ్బు కట్టే బటన్ పక్కనే ఉండాలి.

ఇట్లు,
మోటారు బీమా క్లెయిముల సలహాదారు,
హైదరాబాద్