కోటి రూపాయల సినిమా, మిగిలిపోయిన సమోసాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో తక్కువ బడ్జెట్ థ్రిల్లర్ల మీద పేజీ నిండా వేశారు, చదివాను, బాగానే ఉంది, కానీ అందులో 'క్షణం' గురించి వేసిన ఆ నాలుగు లైన్లు చూసి ఊరుకోలేక ఇది రాస్తున్నా. ట్విస్టులు అదిరాయి, కోటి రూపాయల్లో తీసేశారు, జనం సీట్లోంచి కదల్లేదు, ఇంతే కదండీ మీరు రాసింది. జనం కదల్లేదన్నది నిజమే. ఎందుకు కదల్లేదో మీవాళ్లకి తెలిసినట్టు లేదు, నాకు కొంచెం తెలుసు, ఎందుకంటే ఆ సినిమా ఆడినప్పుడు నేను మా టౌన్‌లో ఒక థియేటర్‌లో క్యాంటీన్ నడిపేవాణ్ణి. ఆ థియేటర్ ఇప్పుడు ఫంక్షన్ హాల్ అయిపోయింది లెండి.

2016 ఫిబ్రవరి 26, శుక్రవారం రిలీజ్. దానికి వారం ముందే మేడారం జాతర అయింది, మా ఏరియాలో సగం ఇళ్లలో ఇంకా బంగారం (బెల్లం అండి, సమ్మక్క బంగారం) ముక్కలు అయిపోలేదు. జాతర డబ్బులు జాతరకే అయిపోయి జనం చేతిలో ఏం లేదు, పైగా చిన్న సినిమా, మ్యాట్నీకి ముప్పై నలభై మంది కూడా రాలేదు. వచ్చినోళ్లు కూడా ఈ సినిమా కోసం వచ్చినోళ్లు కాదు. టీవీలో చూసే అనసూయ పోలీసాఫీసర్ వేషం వేసిందంట అని కొందరు, సత్యం రాజేష్, వెన్నెల కిషోర్ ఉన్నారు కాబట్టి కామెడీకి లోటుండదు అని కొందరు. హీరో అడివి శేష్ పేరు చెప్తే మా దగ్గర చాలామందికి వెంటనే గుర్తు రాలేదు, పోస్టర్ చూసి ఓ ఈ అబ్బాయా అన్నారు. సత్యం రాజేష్ పోలీస్ డ్రెస్సులో కనపడగానే ఇంకేం జోకేస్తాడోనని ముందే నవ్వేశారు, నాకు బయటికి వినపడింది. ఆ తర్వాత నవ్వు లేదు. ఆయన జోకెయ్యడానికి రాలేదని అర్థం కావడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది.

కథ తెలియనోళ్లకి కొంచెం చెప్తా, ఎండింగ్ చెప్పను. అమెరికాలో ఉద్యోగం చేసుకునే కుర్రాడికి ఒకప్పుడు ప్రేమించిన అమ్మాయి దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది, నా కూతుర్ని ఎత్తుకెళ్లారు, ఎవరూ పట్టించుకోవట్లేదు, నువ్వు రా అని. వీడు హైదరాబాద్ వచ్చి వెతకడం మొదలుపెడితే ఎవర్ని అడిగినా ఒకటే మాట, అసలు ఆవిడకి కూతురే లేదు అని. మొగుడే చెప్తాడు ఆ మాట. తలకి దెబ్బ తగిలినప్పట్నుంచి లేని పిల్లని ఉందనుకుంటోంది అంటారు. చివరికి సాయం చేయడానికి వచ్చిన హీరో కూడా ఒక దశలో ఆవిణ్ణి నమ్మడం మానేస్తాడు.

ఇప్పుడు ఇంటర్వెల్ సంగతి. క్యాంటీన్ నడిపినోడికి సినిమా ఎలా ఉందో ఇంటర్వెల్‌లోనే తెలిసిపోద్ది. మాస్ సినిమా అయితే లైట్లు వెయ్యకముందే తలుపులు తోసుకుని వచ్చి రెండు కూల్ డ్రింక్స్, నాలుగు సమోసా అని కౌంటర్ మీద పడతారు. సినిమా చెత్తగా ఉంటే ఇంకా బాగా అమ్ముడుపోద్ది, ఎందుకంటే రెండో సగం ఎప్పుడు మొదలైనా వాళ్లకి పట్టింపు లేదు. ఈ సినిమాకి బయటికి వచ్చినోళ్లు వచ్చినట్టే నిలబడిపోయారు. గుంపులు గుంపులుగా నిలబడి పాప ఉందా లేదా అని వాదించుకుంటున్నారు, చేతిలో పది రూపాయల నోటు పట్టుకుని కొనడం మర్చిపోయినోళ్లని నేను చూశా. వేడి వేడి సమోసాలు అలాగే ట్రేలో చల్లారిపోయాయి. బెల్లు కొట్టకముందే అందరూ లోపలికి పోయారు. నాకు నష్టమే, కానీ ఆ పూట నాకు కోపం రాలేదు.

ఒకటి మాత్రం గమనించాను, లెక్క రాసుకోలేదు గానీ ఆ వారం రోజులూ ప్రతి షోకీ అదే తంతు. మగాళ్లు ఎక్కువమంది "ఆమెకి మైండ్ పోయింది బాస్, సెకండాఫ్‌లో చూడు" అనేవాళ్లు. ఆడవాళ్లు "పాప ఉంది" అనేవాళ్లు. ఎలా తెలుసు అంటే చెప్పలేరు. మా గేటు దగ్గర పల్లీలు అమ్ముకునే ముసలమ్మ ఉండేది, సినిమా చూళ్లేదు ఏం లేదు, జనం వాదన విని కథ మొత్తం పట్టేసింది, "కన్నది ఆమె, ఉందో లేదో చెప్పేది ఈళ్లా" అంది. రివ్యూలు చాలా చదివాను నేను, ఇంత సూటిగా ఒక్కడూ రాయలేదు. ఇంకొకావిడ, చీర చూస్తే ఏదో ఆఫీసు నుంచి అటే వచ్చినట్టుంది, నా కౌంటర్ పక్కనే నిలబడి ఇంటికి ఫోన్ చేసి బుజ్జిదానికి ఇవ్వు ఫోన్ అంది. అవతల పిల్ల ఏదో అంటోంది, ఈవిడేమో "ఏం లేదమ్మా ఊరికే" అని పెట్టేసింది. సెకండాఫ్ చూడకుండానే వెళ్లిపోయింది. అది ఫ్లాప్ టాక్ అంటారా హిట్ టాక్ అంటారా మీ రివ్యూ రాసేవాళ్లు?

అందుకే చెప్తున్నా, జనాన్ని పట్టుకున్నది కిడ్నాప్ కాదండీ. కిడ్నాప్‌లు మన సినిమాల్లో ఎన్ని చూడలేదు, మారుతీ వ్యాన్, నల్ల గుడ్డ, పాత గోడౌన్, హీరో వస్తాడు కొడతాడు అయిపోయింది. ఇక్కడ పట్టుకున్నది, తల్లి నా బిడ్డ పోయింది మొర్రో అంటుంటే ఎదురుగా నిలబడ్డోళ్లందరూ మర్యాదగా, శాంతంగా, నీకు బిడ్డే లేదమ్మా అని చెప్పడం. దానికి పెద్ద సెట్టు అక్కర్లేదు, కోటి రూపాయలు కూడా అక్కర్లేదు. డైరెక్టర్ రవికాంత్ పేరేపు, శేష్ కలిసి రాసుకున్న స్క్రీన్‌ప్లేకి నంది అవార్డు కూడా ఇచ్చారు తర్వాత, ఇవ్వాల్సిందే.

ఇదే కథని 2018లో హిందీలో పెద్ద ఖర్చుతో 'బాఘీ 2' అని తీశారు, టైగర్ ష్రాఫ్ హీరో, సూపర్ హిట్టు. మావాడు ల్యాప్‌టాప్‌లో పెడితే చూశాను. హీరో మిలిటరీ కమాండో అయ్యాడు, హెలికాప్టర్లొచ్చాయి, అడవిలో ఒక్కడే అందర్నీ కొట్టాడు. భయం మాత్రం వెయ్యలేదు. అంత కండ ఉన్నోడు పక్కనుంటే ఆ తల్లి మాట నమ్మకపోతే మాత్రం ఏంటి అనిపించింది. తమిళంలో, కన్నడంలో కూడా తీశారంట, అవి నేను చూళ్లేదు.

నాకీ సినిమా ఇంతగా పట్టడానికి ఇంట్లో సంగతొకటి ఉంది. చాలా ఏళ్ల కిందట మా అక్క ఒక జాతరకెళ్లింది, ఏ జాతరో ఎందుకులే, అప్పటికి మా బావ పోయి ఆరునెలలు. ఐదేళ్ల పిల్ల చెయ్యి వదిలించుకుని గుంపులో కలిసిపోయింది. అక్క ఏడ్చుకుంటూ అక్కడ కూర్చున్న డ్యూటీ ఆయన దగ్గరికి పోతే, ఆయన టీ తాగుతూ "ఇక్కడే ఎక్కడో ఆడుకుంటుంటది, చూడు" అన్నాడు. చూశాను సార్ అంటే "ఫోటో ఉందా, మీ ఆయన ఏడి" అన్నాడు. ఆయన లేడు అంటే ఏ లెక్కన అర్థం చేసుకున్నాడో, "ఆయన తీసుకుపోయి ఉంటాడులే, ఇంటికి పోయి చూస్కో" అన్నాడంట. లేడు అంటే చచ్చిపోయాడు అని మా అక్క మళ్లీ నోటితో చెప్పాల్సొచ్చింది. అప్పుడు కూడా పెన్ను తియ్యలేదు. మైకులో పేరు చదివించడానికి గంట పట్టింది, అదీ పక్కన కొబ్బరికాయలు అమ్మేవాడు గొడవ పెట్టుకుంటే.

పిల్ల ఎక్కడుందంటే గాజుల దుకాణంలో. ఆ గాజులావిడ ఏడుస్తున్న పిల్లని కూర్చోబెట్టుకుని, రెండు గాజులు తొడిగి, మైకు దాకా తీసుకుపోదామని ఎత్తుకుని బయల్దేరింది. నాలుగడుగులు వేసిందో లేదో ఎవడో "పిల్లనెత్తుకుపోతోంది" అన్నాడు. అంతే, చుట్టూ ముప్పైమంది. నేను అటు పరిగెత్తుకుంటూ పోయేసరికి ఆవిడ చెవి కమ్మ తెగి రక్తం కారుతోంది, పిల్ల మాత్రం ఆవిడ మెడ వదల్లేదు. నేను మేనమామనురా నాయనా, ఆవిణ్ణి వదలండి అంటే, ముందు నన్ను కూడా గ్యాంగ్‌లోవాడే అనుకున్నారు! ఆ పిల్లకే పోయినేడు ఎంగేజ్‌మెంట్ అయింది, నేను సమోసాలు అమ్మిన ఆ హాల్లోనే.

ఆ రోజు తల్లి ఏడుస్తుంటే అధికారం ఉన్నవాడు నమ్మలేదు, ఎవడో ముక్కూమొహం తెలియనోడు అరిస్తే ముప్పైమంది నమ్మేశారు. ఇదే ముక్క 2018లో ఊరూరా చూశాం. మే నెలలో వాట్సాప్ తెరిస్తే చాలు, పార్థీ గ్యాంగ్ దిగింది, బిహార్ గ్యాంగ్ దిగింది, పిల్లల కిడ్నీలు తీసేస్తున్నారు అని. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ని కొట్టి చంపేశారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో అడుక్కోవడానికి వచ్చిన ఐదుగుర్ని ఒకేసారి చంపేశారు. ఆ తర్వాత గానీ వాట్సాప్‌వాళ్లకి ఒక మెసేజ్‌ని ఐదుగురికి మించి ఫార్వార్డ్ చేయనివ్వకూడదు అన్న బుద్ధి రాలేదు. మన దగ్గర గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లని ఊళ్లకి పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఇవన్నీ అబద్ధాలు అని చెప్పించారు, ఆ పని చేసినచోట ప్రాణాలు పోలేదు.

ఆ ఫార్వార్డుల్లో ఒక వీడియో ఉంది, మీకూ వచ్చే ఉంటుంది. సీసీ కెమెరాలో తీసినట్టు ఉంటుంది, పిల్లలు వీధిలో క్రికెట్ ఆడుకుంటుంటే బైక్ మీద ఇద్దరొచ్చి ఒక పిల్లాణ్ణి లాక్కుని పోతారు. నేనూ వణికిపోయాను చూసి, నాకు తెలిసినోళ్లందరికీ నేనూ పంపాను, దాచుకోవడం దేనికి. తర్వాత తెలిసిందేంటంటే అది అసలు మన దేశంలోది కాదు, పాకిస్తాన్‌లో కరాచీలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసేవాళ్లు జనం జాగ్రత్తపడాలని తీయించిన చిన్న యాడ్. అసలు వీడియోలో ఆ బైకువాళ్లు వెనక్కి తిరిగొచ్చి పిల్లాణ్ణి దించేసి ఒక బోర్డు చూపిస్తారు, ఈ ఊళ్లో పిల్లల్ని ఎత్తుకెళ్లడానికి ఒక్క క్షణం చాలు అని. క్షణం! మన సినిమా పేరే. ఎవడో ఆ చివరి ముక్క కత్తిరించి వదిలాడు. అది కూడా తక్కువ బడ్జెట్ కిడ్నాప్ సినిమాయే కదండీ, ఎండింగ్ లేని సినిమా, దాని ఆడియన్స్ రియాక్షన్ ఏంటో రైన్‌పాడాలో చూశాం.

నిజంగా పిల్లల్ని ఎత్తుకెళ్లేవాడు ఎవరంటే, 2020 అక్టోబర్‌లో మా పక్కనే మహబూబాబాద్‌లో తొమ్మిదేళ్ల పిల్లాడు పోయాడు, ఎక్కించుకుపోయింది తెలిసినోడే. డబ్బుల కోసం ఆ తల్లిదండ్రులకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, పిల్లాణ్ణి అప్పటికే చంపేశాడు. బిహార్ లేదు, గ్యాంగ్ లేదు. దాని గురించి ఎక్కువ రాయలేను.

సరే, మీ పేపర్ నుంచి నాకు కావాల్సింది చెప్పి ముగిస్తా. పిల్లలు తప్పిపోయారని ఎవరొచ్చినా కేసు కట్టాల్సిందే అని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఆడుకుంటుంటదిలే అనడానికి లేదు, ఈ సంగతి మా అక్కలాంటోళ్లకి తెలీదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ కూడా తెలీదు. సినిమా పేజీలో రేటింగ్ స్టార్ల పక్కన ఈ రెండు ముక్కలు వేస్తే మీకు పోయేదేముంది? కిడ్నాప్ సినిమా వచ్చిన శుక్రవారమైనా వెయ్యండి.

ఇంకొకటి. మీ జిల్లా ఎడిషన్‌లో 'కనబడుటలేదు' అని ఫోటో వేస్తారు, టెండర్ నోటీసు కింద అగ్గిపెట్టె అంత. అది కొంచెం పెద్దది చెయ్యండి, సరే, అది మీ ఖర్చు లెక్క, నేను చెప్పలేను. కానీ ఆ ఫోటో చూసినప్పట్నుంచి వారం దాకా ఆ పిల్ల దొరికిందా లేదా అని నేను పేపర్ తిరగేస్తూనే ఉంటాను, నాలాంటోళ్లు చాలామంది ఉంటారు. దొరికితే దొరికిందని అదే చోట, అదే సైజులో ఒక్క లైను వెయ్యరు ఎందుకు? జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అని మన పోలీసులు ఏటా పిల్లల్ని వెతికి పట్టుకొస్తారు, ఎంతమందో నంబర్ వేస్తారు మీరు, మేం ఫోటో చూసిన పిల్ల అందులో ఉందో లేదో ఎప్పుడూ తెలీదు. పోయిన నెల 14న మీ నాలుగో పేజీలో ఎర్ర గౌను పాప ఫోటో వేశారు. దొరికిందా అండీ?

ఇట్లు,
ఒక పాత థియేటర్ క్యాంటీన్ మనిషి,
ఖమ్మం జిల్లా